రుమాలు వేసిన సీటు

జీడిమెట్లలో రేకుల షెడ్డు.
లారీ దిగిన దిమ్మెలు గోడ పొడుగునా నిలబడ్డాయి,
ఒళ్లంతా చదరపు కన్నాలు.
తేనె పిండేసిన పట్టులా తేలిగ్గా ఉంటాయనుకుంటాం,
ఎత్తితే నడుముకి తెలుస్తుంది.

మూడేళ్లు
ఎక్కడో ఒక బాయిలర్ గొంతులో నిలబడి
పొగలోని ఘాటును
నీటి ఆవిరిగా, ఉత్త గాలిగా విడదీసి పంపినవి.
ఇప్పుడు ఏ పనీ చేయవు.
పగల్లేదు, కరగలేదు,
తూకం కూడా కాస్త పెరిగింది.

విషమంటే చంపేదని కాలేజీలో రాసుకున్నాను.
ఇక్కడికొచ్చాక అర్థమైంది,
విషమంటే కూర్చునేది.
సికింద్రాబాద్ బస్సు కిటికీలోంచి
రుమాలు విసిరి సీటు ఆపుకున్నవాడిలా
సీసం కూర్చుంటుంది, పక్కనే ఆర్సెనిక్.
అమ్మోనియా ఎక్కి, అటూ ఇటూ చూసి,
చోటు దొరక్క
పొగతోపాటే దిగిపోతుంది.

గౌసుద్దీన్ చాచా చేతిలో గాలి గొట్టం.
"ముందు బూడిద పోవాలె, ఆ తర్వాతనే నీళ్లు.
దేగ్ కడగనీకి కూడా పద్ధతుంటది బేటీ,
మాడు గీకకుండ నీళ్లు పోస్తే
మాడు ఇంకింత పట్టుకుంటది."

పలచని ఆమ్లం తొట్టిలో దిమ్మెలు మునుగుతాయి.
చెవికందని మోత పెట్టే యంత్రం నడుస్తుంది.
మాకేమీ వినపడదు.
గేటు దగ్గరి కుక్కలు మాత్రం
చెవులు నిక్కించి లేచి
రోడ్డు అవతలికి వెళ్లి పడుకుంటాయి.

తొట్టిలో నీళ్లు మడ్డి రంగుకి తిరుగుతాయి.
ఆ నీళ్లెక్కడికి పోతాయని అడిగితే
సూపర్‌వైజర్ విఠల్‌రావు రిజిస్టర్ తెరుస్తాడు.
ట్యాంకర్ నంబరు, టైము, సంతకం.
రిజిస్టర్లో నీళ్లు ఎప్పుడూ
చక్కగా, గీతల మధ్యనే పారతాయి.

తర్వాత వెనేడియం.
ఎంత నీలమని!
మొదటిరోజు గ్లవుజు తీసి ముట్టుకోబోతే
చాచా చెయ్యి మీద ఒక్కటేశాడు.
ఆ నీలాన్ని కడుపారా తాగించి
కొలిమిలో ఐదువందల డిగ్రీల దగ్గర కూర్చోబెడితే
పొద్దున్నే గోధుమ రొట్టె రంగులో
బయటికొస్తుంది.
నేను చిన్న ముక్క కోసి పొగ పట్టి లెక్క చూస్తాను.
తొంభై రెండు శాతం.
మిగతా ఎనిమిదీ
లేవని వాళ్లు.

శ్రావణంలో హెల్త్ క్యాంపు పెట్టారు.
అందరి కాగితాలూ మామూలే,
చాచా కాగితంలో ఒక అంకె కింద ఎర్రగీత.
ఈ షెడ్డుది కాదట అది,
కాటేదాన్‌లో పాత బ్యాటరీలు పగలగొట్టిన
ఎనిమిదేళ్లదట.
ఎముకలో కాల్షియం సీటు మీద
సీసం రుమాలు వేసింది.
"మందులున్నాయి, కానీ అంతా రాదు,"
అంది డాక్టరమ్మ, తల ఎత్తకుండా రాస్తూ.

"నన్ను కూడా గా తొట్లె ముంచు బేటీ,
నీలం రంగు తాపించు," అన్నాడు చాచా.
అక్కడున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.
మధ్యాహ్నం ల్యాబ్‌లో
ఒకే నమూనాను మూడుసార్లు తూచాను,
మూడుసార్లూ మూడు బరువులు.

సాయంత్రం లోడింగు.
పంపేముందు ప్రతి దిమ్మెనూ
చాచా కంటి దగ్గర పెట్టుకుని చూస్తాడు.
అన్ని కన్నాల్లోంచీ వెలుతురు రావాలి,
ఒక్కటి మూసుకున్నా పక్కన పెట్టేస్తాడు.
ఆఖరి దిమ్మె నావైపు తిప్పాడు.
అవతల ఆయన కన్ను
చిన్న చిన్న చదరాలుగా.

"కనపడ్తున్ననా?"

కనపడుతున్నావు చాచా,
ఒకటి రెండు గళ్లు తప్ప.